జూన్ వస్తుందని ముందే తెలుసు

హనుమకొండ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. కొంచెం కుదించి, ఆమె మాటల్లోనే ఇస్తున్నాను.

"నా వయసు 33. మా ఆయన ఒక టూవీలర్ షోరూంలో సర్వీస్ సెక్షన్‌లో పని చేస్తారు. జీతం 20,400. పీఎఫ్, ఈఎస్ఐ కటింగులు పోను చేతికి 18,200 వస్తాయి. నేను ఇంట్లో బ్లౌజులు, డ్రెస్సులు కుడతాను. మామూలు నెలల్లో ఆరు వేల దాకా వస్తాయి. పెళ్లిళ్ల సీజన్లో, దసరా ముందు పన్నెండు వేలు కూడా వస్తాయి. ఆషాఢం, పుష్యంలో మూడు వేలు దాటవు. కుట్టించుకున్నవాళ్లు ఇవ్వాల్సినవి ఐదారు వేలు ఎప్పుడూ ఉద్దెరలోనే ఉంటాయి. పాప నాలుగో తరగతి, బాబు ఒకటో తరగతి. ఇద్దరూ ప్రైవేటు స్కూల్లోనే చదువుతున్నారు.

అద్దె 5,500. కిరాణా, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 8,000. కరెంటు, కేబుల్, రీచార్జీలు 1,500. పెట్రోలు 1,800. ఊళ్లో ఉన్న అత్తమ్మకు మందులకూ ఖర్చులకూ 2,000. బండి ఈఎంఐ 2,700, ఇంకా పదకొండు నెలలుంది. ఆయన ఫోన్ ఈఎంఐ 1,650, ఇంకా నాలుగు నెలలు. మా అమ్మ పెట్టిన రెండు తులాల గొలుసు ఒక ఫైనాన్స్‌లో కుదువ ఉంది. 60 వేలకు నెలకు 900 వడ్డీ కడుతున్నాం. అన్నీ పోను 150 మిగలాలి. మిగలవు.

రెండేళ్ల కింద ఆ కుదువ 30 వేలే. జూన్ వస్తే ఫీజుల కోసం దాని మీదే ఇంకొంత తీసుకుంటాం. మా తమ్ముడి దగ్గర చేబదులు తెచ్చిన 20 వేలు అలాగే ఉన్నాయి. సీజన్లో వచ్చినదంతా పాత బాకీలకే పోతుంది.

మా వీధిలో ఒక ఆంటీ లక్ష రూపాయల చీటీ మొదలుపెడుతోంది. ఇరవై మంది, నెలకు ఐదు వేలు. రెండో నెలలోనే పాడి ఎత్తుకుని గొలుసు విడిపిద్దాం అంటున్నారు మా ఆయన. నాకు భయం. దీనికితోడు వచ్చే వైశాఖంలో మా ఆడబిడ్డ కూతురి హాఫ్ శారీ ఫంక్షన్. మేనమామ తులం బంగారమైనా పెట్టకపోతే నలుగురిలో పరువు పోతుందని అత్తమ్మ అంది. ఆయన ఊకొట్టి వచ్చారు.

ఇంకో సంగతి. ఆయనకు తెలియకుండా బియ్యం డబ్బాలో 6,400 దాచాను. మొన్న పెట్రోలుకు డబ్బుల్లేవని ఆయన అన్నప్పుడు కూడా తీయలేదు. మోసం చేస్తున్నానా అనిపిస్తోంది. మాలాంటివాళ్లు పొదుపు చేయడం అసలు అయ్యే పనేనా?"

అమ్మా,

ప్రతి ఖర్చూ ఇంత వివరంగా రాసినందుకు సంతోషం. ఇలా రాసిచ్చినప్పుడే జవాబు చెప్పడం కుదురుతుంది. అయితే మీ నెల లెక్కలో ఒక పెద్ద పద్దు లేదు. ఉత్తరం చివరి పేజీ వెనక విడిగా రాశారు చూడండి, అసలు కథ అక్కడుంది. ఇద్దరి ఫీజులు కలిపి ఏడాదికి 36 వేలు, సగం జూన్‌లో, సగం దసరా తర్వాత. పుస్తకాలు, యూనిఫాంలు, బూట్లు 8 వేలు. పండుగలకు బట్టలు, పుట్టింటికి రాకపోకలు 8 వేలు. పెళ్లిళ్లు, ఒడిబియ్యాలు, కట్నాలు చదివించడాలు ఇంకో 8 వేలు. బండి ఇన్సూరెన్స్, సర్వీసింగ్ 3 వేలు. నిరుడు బాబు జ్వరానికీ మిగతా మందులకూ 5 వేలు. కూడితే 68 వేలు.

ఇక రాబడి వైపు చూద్దాం. సీజన్ నెలలు ఐదు అనుకుంటే, మామూలు కంటే ఆరేసి వేల చొప్పున 30 వేలు ఎక్కువ వస్తుంది. ఆషాఢం, పుష్యంలో మూడేసి వేలు తగ్గుతుంది కాబట్టి మిగిలేది 24 వేలు. మీ ఆయనకు పండక్కి వచ్చే బోనస్ 12 వేలు అన్నారు. నెల నెలా మిగలాల్సిన 150 కలిపినా మొత్తం 38 వేల లోపే. అంటే ఏడాదికి 30 వేలు తక్కువ పడుతున్నాయి.

మీ అప్పులు రెండేళ్లలో ఎంత పెరిగాయి? కుదువ మీద 30 వేలు, తమ్ముడి దగ్గర 20 వేలు, వెరసి 50 వేలు. ఏడాదికి పాతిక. నా లెక్కకూ దానికీ ఐదు వేలే తేడా. ఆ ఐదు వేలు మీరే ఎక్కడో నోరు కట్టుకుని పూడ్చి ఉంటారు.

ఇది ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, మీ ఇంట్లో దుబారా లేదు. టీలు తగ్గించండి, కూరగాయలు సంతలో కొనండి అని నేను చెప్పొచ్చు. ఆ సలహాలు ఇవ్వడం తేలిక, కానీ ఎనిమిది వేలతో నలుగురికి వండి పెడుతున్న మనిషికి అవి చెప్పడం నాకు ఇష్టం లేదు. మీకు నెల గడవక ఇబ్బంది రావడం లేదు, ఏడాది గడవక వస్తోంది. జూన్‌లో ఫీజు కట్టాలని నిరుడూ తెలుసు, ఈసారీ తెలుసు. పైగా జూన్ దాటుతుండగానే ఆషాఢం వస్తుంది. ఖర్చు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నప్పుడే మీ మిషను ఖాళీగా ఉంటుంది. అప్పుడు గొలుసు తప్ప వేరే దారి ఉండదు.

కాబట్టి మీరు 'పొదుపు' అంటున్నదానికి నేను మొదట పెట్టే పని జూన్. బ్యాంకులో లక్ష పోగేయడం తర్వాతి సంగతి. వచ్చే జూన్‌లో గొలుసు మీద పైసా తీసుకోకుండా ఫీజు కట్టగలిగితే, ఈ ఏడాది మీరు పొదుపు చేసినట్టే.

ఇప్పుడు చీటీ. మీ ఆయన ఆలోచన తప్పుడు ఉద్దేశంతో వచ్చింది కాదు, మీ గొలుసు విడిపించాలనే అంటున్నారు. కానీ ఒకసారి లెక్క వేద్దాం. మొదటి నెలల్లో పోటీ ఎక్కువ కాబట్టి 30 వేలు తగ్గించి పాడారనుకోండి, చేతికి 70 వేలొస్తాయి. పాట తగ్గింపు అందరికీ పంచుతారు కనుక నెలసరి ఐదు వేలకు బదులు సగటున 4,250 పడుతుందనుకుందాం. మొదటి రెండు నెలలు కట్టింది తీసేస్తే నికరంగా మీ చేతికి వచ్చింది 61,500. ఆ తర్వాత పద్దెనిమిది నెలలు కట్టేది 76,500. ఇది నూటికి నెలకు రెండు రూపాయల పైమాటే. మీరు గొలుసు మీద ఇప్పుడు కడుతున్నది రూపాయిన్నర. తక్కువ వడ్డీ అప్పు తీర్చడానికి ఎక్కువ వడ్డీ అప్పు చేసినట్టు అవుతుంది. ఇవన్నీ ఒప్పుకున్నా, నెలకు 4,250 ఎక్కణ్నుంచి తెస్తారు? గొలుసు వడ్డీ 900 ఆగుతుంది, మీకు మిగిలే 150 ఉంది. మిగతా మూడు వేల పైచిలుకుకు మూడో నెలలోనే ఇంకో అప్పు వెతుక్కోవాలి.

చీటీ చివరిదాకా ఎత్తుకోకుండా ఉంటే అది పొదుపే. చాలా ఇళ్లలో ఆడపిల్ల పెళ్లిళ్లు అలాగే జరిగాయి. కానీ అప్పుడు మీ డబ్బంతా ఆంటీ మీద నమ్మకంతో నడుస్తుంది. ఆవిడ మంచి మనిషే కావచ్చు. ముందే ఎత్తుకున్నవాళ్లు ముగ్గురు ఎగ్గొడితే ఆ మంచితనంతో ఆవిడ లక్షలు తెచ్చి ఇవ్వలేదు. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం చీటీ నడపాలంటే రిజిస్ట్రార్ అనుమతి, రిజిస్ట్రేషన్ ఉండాలి. నడిపేవాళ్లు చీటీ మొత్తానికి సరిపడా సెక్యూరిటీ పెట్టాలి. కమిషన్ 7 శాతం దాటకూడదు (2019 సవరణకు ముందు ఇది 5 శాతం). వీధి చీటీలో ఇవేమీ ఉండవు. గొడవైతే ఏ కాగితం పట్టుకుని అడుగుతారు? చీటీ అలవాటు మీ ఇంటికి నచ్చితే, బండి ఈఎంఐ అయిపోయాక, రిజిస్టరైన సంస్థలో, చిన్న మొత్తానికి వేసుకోండి. ఇప్పుడైతే వద్దనే నా అభిప్రాయం. నిర్ణయం మీ ఇద్దరిది.

గొలుసు దగ్గరికి వద్దాం. దీనికి మూడు దారులున్నాయి, ఒక్కోదానికీ ఒక్కో ఖరీదు ఉంది.

మొదటిది, ఫైనాన్స్ నుంచి ప్రభుత్వ బ్యాంకుకు మార్చడం. నెలకు రూపాయిన్నర అంటే ఏడాదికి 18 శాతం. బ్యాంకుల్లో బంగారం మీద అప్పు తొమ్మిది, పది శాతం దరిదాపుల్లో దొరుకుతోంది. 60 వేలకు నెల వడ్డీ 900 నుంచి సుమారు 475కి దిగుతుంది. రెండు తులాల విలువతో పోలిస్తే మీ అప్పు చాలా తక్కువ, బ్యాంకు వెనకాడే పని లేదు. ఇబ్బంది ఏమిటంటే ముందు ఫైనాన్స్‌లో కట్టి గొలుసు బయటికి తేవాలి. ఒక్కరోజుకు 60 వేలు కావాలి. కొన్ని బ్యాంకులు పాత అప్పు తామే తీర్చి నగ తీసుకుంటాయి, మీ బ్రాంచిలో అడగండి. లేదంటే తమ్ముణ్ని ఒక్క పూటకు సర్దమని, ఇద్దరూ కలిసి వెళ్లి సాయంత్రానికి తిరిగి ఇచ్చేయొచ్చు. ప్రాసెసింగ్, నగ పరీక్ష ఛార్జీలు కొంత ఉంటాయి. అప్పు మాత్రం అలాగే ఉంటుంది, వడ్డీ ఒక్కటే తగ్గుతుంది. ఒక జాగ్రత్త. బ్యాంకు వాళ్లు ఇంకా ఎక్కువ ఇస్తామంటారు. 60 దాటి తీసుకోకండి.

రెండోది, కొంత బంగారం అమ్మి అప్పు పూర్తిగా తీర్చేయడం. తులం ధర లక్ష ఎప్పుడో దాటింది. అర తులం పైన కొంచెం అమ్మితే 60 వేల బాకీ పోతుంది. గొలుసును అలా తుంచలేరు కాబట్టి మొత్తం ఇచ్చి తక్కువ బరువుది తీసుకోవాలి. తరుగు, మజూరీ కింద కొంత పోతుంది. లెక్క ప్రకారం ఇది మంచి దారే, నెలకు 900 ఈ రోజే ఆగుతుంది. కానీ అది మీ అమ్మ పెట్టిన గొలుసు. ఆ బరువు తూకంలో తేలేది కాదు, నేను చెప్పగలిగిందీ కాదు. మనసు ఒప్పుకోకపోతే ఈ దారి మర్చిపోండి.

మూడోది మీరు అడగలేదు, కానీ మీ ఆయనకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. పీఎఫ్ తీసేయడం. ఇక్కడ కాసేపు ఆగాలి. ఆయన బేసిక్ 15 వేలు అనుకుంటే జీతంలోంచి నెలకు 1,800 పీఎఫ్‌కు పోతుంది. యాజమాన్యం వాటాలో పెన్షన్‌కు పోయింది పోను ఇంకో 550 అందులో పడుతుంది. అంటే ఏడాదికి 28 వేల పైన మీ పేరున పోగవుతోంది. 2024-25కు దాని మీద 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మీరేమో పొదుపే చేయలేకపోతున్నామని రాశారు! ఒకపక్క ఏడాదికి 28 వేలు దాస్తూ, ఇంకోపక్క పాతిక వేలు 18 శాతానికి అప్పు చేస్తున్నారు. ఆ 18 శాతం అలాగే ఉంటే, పీఎఫ్‌లోంచి కొంత తీసి అప్పు తీర్చడం లెక్కకు సరిపోయేది. బ్యాంకుకు మార్చాక రెండు వడ్డీలకూ పెద్ద తేడా ఉండదు, పీఎఫ్‌ను కదిలించాల్సిన అవసరమూ ఉండదు. షోరూం ఉద్యోగానికి వేరే పెన్షన్ ఏముంటుంది చెప్పండి, ముసలితనానికి అదొక్కటే. ఒక పని మాత్రం ఈ వారంలో చేయించండి. ఆయన ఫోన్లో ఉమాంగ్ యాప్ వేసి పీఎఫ్ పాస్‌బుక్ చూడండి. జీతంలో కోసుకుంటున్న డబ్బు నెల నెలా అక్కడ పడుతోందా లేదా తెలియాలి.

అదే పే స్లిప్‌లో ఈఎస్ఐ కటింగ్ కూడా ఉంది. జీతంలో 0.75 శాతం, మీ లెక్కకు 153 రూపాయలు. నిరుడు బాబు జ్వరానికి ప్రైవేటు క్లినిక్‌లో కట్టారు. ఈఎస్ఐ కార్డు మీద భార్యాపిల్లలకు డిస్పెన్సరీలో, ఆసుపత్రిలో వైద్యం, మందులు ఉచితం. ఆయన మీద ఆధారపడిన తల్లికీ వర్తిస్తుంది. కార్డులో అత్తమ్మ పేరు ఉందా? లేకపోతే చేర్పించండి. ఆవిడ బీపీ, షుగర్ మందులు అక్కడే తెచ్చుకోవచ్చు. అక్కడ లైన్లు ఉంటాయి, ఒక పూట పోతుంది, అది నిజం. అన్నిటికీ వెళ్లక్కర్లేదు, నెల నెలా వాడే మందులకూ పెద్ద జబ్బులకూ అయినా వాడుకోండి. అలాగని ఆవిడకు పంపే రెండు వేలు తగ్గించమని నేను అనను. ఆ డబ్బుతోనే ఆవిడ మీ మీద ఆధారపడకుండా నాలుగు రోజులు గడుపుతోంది. ఇంకో సంగతి, ఈఎస్ఐకి జీతం పరిమితి 21 వేలు. మీ ఆయన 20,400 దగ్గర ఉన్నారు. ఇంక్రిమెంటు పడి పరిమితి దాటితే ఆ అర్ధ సంవత్సరం ముగిసేదాకా ఉంటుంది, తర్వాత పోతుంది. వైద్యానికి వేరే ఏర్పాటు అప్పుడు ఆలోచించాలి.

మీ మిషను సంపాదన గురించి ఒక్క మాట. ఐదారు వేలు ఎప్పుడూ ఉద్దెరలో ఉంటాయన్నారు. మీరు వడ్డీ కడుతూ, ఇతరులకు వడ్డీ లేని అప్పు ఇస్తున్నారన్నమాట. బట్ట ఇచ్చేటప్పుడే సగం అడ్వాన్స్ అని చెప్పి చూడండి. ఒకరిద్దరు మొహం మాడ్చుకుని వేరే టైలర్ దగ్గరికి పోతారు. పెళ్లి బ్లౌజు రేపటికల్లా కావాల్సినవాళ్లు మాత్రం పోరు. పాత బాకీలు ఒకేసారి అడిగితే సంబంధాలు చెడతాయి, మాఘంలో వాళ్లు మళ్లీ బట్టలు తెచ్చినప్పుడు 'ముందుది ఇచ్చి ఇది ఇవ్వు అక్కా' అంటే సరిపోతుంది.

ఇప్పుడు అన్నీ కలిపి జూన్ దాకా చూద్దాం. మాఘం, ఫాల్గుణం, వైశాఖం మూడు సీజన్ నెలల్లో అదనంగా 18 వేలు రావచ్చు. మధ్యలో పుష్యం మూడు వేలు తినేస్తే 15. ఫోన్ ఈఎంఐ నాలుగు నెలల్లో అయిపోతుంది, ఆ తర్వాత మూడు నెలల 1,650లు దాదాపు ఐదు వేలు. గొలుసు బ్యాంకుకు మారితే ఆరు నెలలకు రెండున్నర వేలు. మొత్తం 22,500. జూన్‌లో ఫీజు 18, పుస్తకాలు యూనిఫాంలు 8, అంటే 26 వేలు కావాలి. మూడున్నర వేలు తక్కువ. ఉద్దెరలో ఉన్నది కొంత వసూలైతే అదీ పూడుతుంది. పూడకపోయినా, మూడున్నర వేలకు అప్పు చేయడం వేరు, పాతిక వేలకు చేయడం వేరు. మూఢం వచ్చి ముహూర్తాలు తగ్గితే ఈ లెక్క కొంత తప్పుతుంది. పంచాంగం ఒకసారి చూసుకోండి.

ఇది జరగాలంటే సీజన్ డబ్బు పాత బాకీలకు పోకూడదు. అంటే తమ్ముడు ఆగాలి. మీరే వెళ్లి, బండి ఈఎంఐ అయిపోగానే నెలకు రెండు వేల చొప్పున పది నెలల్లో తీరుస్తానని చెప్పండి. ఏమీ చెప్పకుండా సాగదీయడం కంటే, తేదీ చెప్పి ఆగమనడం తమ్ముడికీ మరదలికీ నయం. తమ్ముడికి ఇప్పుడే అత్యవసరమైతే మాత్రం ముందు అతనికే ఇవ్వాలి, అప్పుడు జూన్ మళ్లీ కష్టమవుతుంది.

ఆ డబ్బు ఎక్కడ పెట్టాలి అంటే, మీ పేరున ఒక ఖాతాలో. జీరో బ్యాలెన్స్ జన్‌ధన్ ఖాతా అయినా చాలు. దాన్ని ఫోన్‌పే, గూగుల్‌పేలకు కలపకండి. తీయాలంటే బ్యాంకుకు నడవాలి, ఆ కాస్త కష్టమే దాన్ని కాపాడుతుంది. చాలామంది పోస్టాఫీసు ఆర్డీ, అంటే నెల నెలా ఒకే మొత్తం కట్టే రికరింగ్ డిపాజిట్ చెబుతారు. మంచిదే. నెలకు వంద నుంచి మొదలుపెట్టొచ్చు, 2023 అక్టోబరు నుంచి వడ్డీ 6.7 శాతం. నెలకు 500 కడితే ఐదేళ్లకు 30 వేలు కట్టినందుకు 35,680 దాకా వస్తాయి. అయితే అది ఐదేళ్ల ఖాతా. మూడేళ్లు నిండేదాకా మధ్యలో మూయలేరు, ఏడాది కట్టాక సగం దాకా అప్పు మాత్రం ఇస్తారు. నెల తప్పితే వందకు రూపాయి జరిమానా. మీ రాబడి ఆషాఢంలో మూడు వేలు, శ్రావణంలో పన్నెండు. ప్రతి నెలా ఒకే మొత్తం కట్టమనే ఖాతా ఇప్పుడు మీకు కొత్త టెన్షన్ అవుతుంది. వచ్చే ఏడాది బండి 2,700 మిగలడం మొదలయ్యాక, తమ్ముడికి రెండు వేలు పోను మిగిలిన 700లో 500కు ఆర్డీ వేయండి. ఈ ఏడాది వద్దు.

స్కూలు మార్చడం గురించి మీరు ఎత్తలేదు, కాబట్టి పెద్దగా చెప్పను. బాబును ఒకటి రెండేళ్లు మంచి ప్రభుత్వ పాఠశాలలో వేస్తే మీ లోటులో సగం దాకా పోతుందని లెక్క చెబుతోంది. దగ్గర్లో అలాంటి బడి ఉందా, టీచర్లు ఎలా ఉన్నారు అన్నది మీరు వెళ్లి చూసి తేల్చుకోవాల్సిందే. అంత దూరం వద్దనుకుంటే ఫీజు నెలవారీగా కడతామని స్కూల్లో అడగండి. అడిగినవాళ్లకు చాలా చోట్ల ఒప్పుకుంటారు.

ఇక తులం బంగారం. మీ ఉత్తరంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇదేనని నాకు అనిపిస్తోంది, చీటీ కంటే కూడా. లక్ష పైన అప్పు తెచ్చి పెడితే నూటికి రెండు రూపాయల లెక్కన నెలకు రెండు వేలు వడ్డీయే అవుతుంది. పైన వేసిన జూన్ లెక్క అంతా ఆ ఒక్కరోజులో కొట్టుకుపోతుంది. పావు తులం పెడదామంటే అదీ పాతిక వేల పైమాటే, అంటే జూన్ ఫీజు, పుస్తకాల ఖర్చు అంతా. బట్టలు, చదివింపులు కలిపి ఐదారు వేల లోపు పెడితే మీ ఏడాది పద్దులో ఇముడుతుంది, కానీ అత్తమ్మకు మాట పడుతుంది. మూడింటిలో ఏదైనా మీరు ఎంచుకోవచ్చు, కానీ ఊకొట్టి వచ్చి ఊరుకోవడం మాత్రం ఎంపిక కాదు. ఇప్పుడు చెబితే వాళ్లకు ఆరు నెలల టైముంది, కోపం వచ్చినా తగ్గుతుంది. వైశాఖంలో పందిట్లో చెబితే అది జీవితాంతం మిగిలే మాట అవుతుంది.

ఎవరు చెప్పాలన్నది ఇంకా ముఖ్యం. మీరు చెబితే 'కోడలు అడ్డుపడింది' అంటారు, నిజమేదైనా సరే. మీ ఆయనే చెప్పాలి. తల్లికి చెప్పే ముందు చెల్లెలికి ఫోన్ చేస్తే మంచిదని నా ఉద్దేశం. చాలాసార్లు పెద్దవాళ్లు అడిగినంత చెల్లెళ్లు అడగరు. 'ఇప్పుడు బట్టలు పెడతాం, దాని పెళ్లికి మేనమామగా నా వంతు చేస్తాను' అని అన్న నోటితో అంటే ఆమె కూడా తల్లి దగ్గర సర్దిచెప్పగలదు. అయినా అత్తమ్మ అలగొచ్చు. ఆ అలక ఖరీదు, అప్పు ఖరీదు రెండూ పక్కపక్కన పెట్టి ఆయనకు చూపించండి.

బియ్యం డబ్బాలోని 6,400 గురించి. మోసం అన్న మాట మీరే రాశారు, నేను ఒప్పుకోను. మన ఇళ్లలో ఆడవాళ్లు అలా దాచే డబ్బే ఎన్నో ఆసుపత్రి రాత్రులను గట్టెక్కించింది. 2016 నవంబరు 8న పెద్దనోట్లు రద్దయినప్పుడు ఎన్ని డబ్బాలు, ఎన్ని చీరమడతలు బయటపడ్డాయో అందరం చూశాం. కొన్ని ఇళ్లలో నవ్వుకున్నారు, కొన్ని ఇళ్లలో గొడవలయ్యాయి. రహస్యంగా ఉంచితే ఆ డబ్బు కచ్చితంగా నిలుస్తుంది, మీ మనసుకు మాత్రం నెమ్మది ఉండదు. పైగా ఆయన పెట్రోలుకు బయట చేబదులు తెచ్చుకునే రోజూ వస్తుంది. చెబితే ఆ డబ్బు చీటీ మొదటి కిస్తీకి వెళ్లే ప్రమాదం ఉంది. మధ్యేమార్గంగా ముందు దాన్ని మీ ఖాతాలో వేసి, తర్వాత చెప్పండి. 'ఇది పిల్లలకు జ్వరం వస్తే, నీకు పని ఆగితే, అంతే' అని పేరు పెట్టి చెప్పండి. ఆయన తాగుబోతో, చేయి చేసుకునేవారో అయితే నేను ఈ మాట చెప్పేదాన్ని కాదు, దాచుకోమనేదాన్ని. మీ ఉత్తరంలో అలాంటి మనిషి కనపడలేదు. అమ్మ ముందు కాదనలేని, భార్య గొలుసు విడిపించాలని తాపత్రయపడే మనిషి కనపడ్డాడు. ఈ 68 వేల లెక్కను ఆయన ఎప్పుడూ ఒకచోట చూసి ఉండరు. ఒక ఆదివారం పిల్లలు పడుకున్నాక ఈ కాగితం ఇద్దరూ ముందు పెట్టుకుని కూర్చోండి.

రెండు చిన్న పనులు మిగిలాయి. మీ ఆయన బ్యాంకు ఖాతా నుంచి ఏటా మే చివర ఒకసారి 436, ఇంకోసారి 20 రూపాయలు కట్ అవుతున్నాయేమో పాస్‌బుక్‌లో చూడండి. మొదటిది జీవన్ జ్యోతి, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. రెండోది సురక్షా బీమా, ప్రమాదానికి 2 లక్షలు. రోజూ బండి మీద తిరిగే మనిషికి ఇవి లేకపోతే వెంటనే పెట్టించండి.

రెండో పని పాపది. మార్చిలో పదేళ్లు నిండుతాయని రాశారు. సుకన్య సమృద్ధి ఖాతా పదేళ్లలోపే తెరవాలి. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికి ఉంటుంది, 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. ఆ డబ్బు పాప పదో తరగతి అయ్యేదాకా, లేదా 18 ఏళ్లు వచ్చేదాకా చేతికి రాదు, అప్పుడూ చదువుకు సగమే ఇస్తారు. కాబట్టి ఇప్పుడు 250 మించి వేయకండి. పాప జనన ధ్రువీకరణ పత్రం, మీ ఆధార్, పాన్ తీసుకుని సంక్రాంతి సెలవులు అయ్యాక ఒకరోజు పోస్టాఫీసుకు వెళ్లి రండి. ఫిబ్రవరి దాటనివ్వకండి.